ఇరవై రెండు అంగుళాల నడుము

రెండేళ్ళపాటు నేను స్కూలు పిల్లలకి ఒక అబద్ధం చెప్పాను. వారానికి రెండు మూడు సార్లు, నవ్వు మొహంతో, ఎంతో నమ్మకంగా చెప్పాను. అది అబద్ధమని నాకే తెలియదు కాబట్టి పాపం అంటదని ఇప్పుడు నన్ను నేను ఓదార్చుకుంటూ ఉంటాను.

మేముండే ట్రాయ్ అనే ఊళ్ళో మా ఇంటి నుంచి పదిహేను నిమిషాలు డ్రైవ్ చేస్తే ఒక చిన్న మ్యూజియం వస్తుంది. మ్యూజియం అంటే పెద్ద మాటేలెండి. ఎవరో రైతు కట్టుకున్న రెండంతస్తుల చెక్క ఇల్లు, దాని నిండా ఆ కాలం నాటి సామాను. మేడ మీద గదిలో గాజు బీరువాలో ఒక ఆడమనిషి బట్టలుంటాయి. విక్టోరియా రాణి చివరి రోజుల్లో, అంటే నూట ముప్ఫై ఏళ్ళ కిందట, ఈ చుట్టుపక్కల ఇల్లాళ్ళు వేసుకున్న ఫ్యాషన్ అది. నేల మీద జీరాడే లంగా, వెనక గుడ్డ ఎత్తుగా నిలబడటానికి నడుముకి కట్టుకునే చిన్న దిండు, వీపు మీద తాళ్ళు లాగి బిగించే కార్సెట్. వీటన్నిటికంటే ముందు కంట్లో పడేది మాత్రం జాకెట్టు.

వాళ్ళు దాన్ని బాడీస్ అంటారు. నేను ఆ మాట పైకే అనేదాన్ని, లోపల్లోపల జాకెట్టనే అనుకునేదాన్ని. కాఫీ రంగు పట్టు. గొంతు దాకా మూసేసిన కాలరు. ముందు వరసగా హుక్కులు, అవి ఒకటి ఇటు ఒకటి అటు తిప్పి కుట్టారు, ఒళ్ళు విరుచుకున్నా ఊడకుండా. లోపల ప్రతి కుట్టు వెంటా తిమింగలం దవడలోంచి తీసిన సన్నటి పట్టీలు. చేతులు భుజాల దగ్గర పుచ్చకాయల్లా ఉబ్బి, మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా ఒంటికి అంటుకుపోయి ఉంటాయి. ఫొటోలో మా అమ్మమ్మ వేసుకున్న బుట్ట చేతుల జాకెట్టుకి ఇది పెద్దక్క. మొదటిసారి చూసినప్పుడు ఇంత దూరం వచ్చి చుట్టాన్ని చూసినట్టే అనిపించింది నాకు.

పిల్లలు మేడెక్కి రాగానే నేను అడిగేదాన్ని, "దీని నడుము ఎంత ఉంటుందో చెప్పండి చూద్దాం" అని. తలో అంకె చెప్పేవాళ్ళు. చివర్లో నేను టేపుని అంత మేరకి గుండ్రంగా చుట్టి చూపించి, "ఇరవై రెండు అంగుళాలు!" అనేదాన్ని. కార్డు మీదా అదే రాసుంది. గదంతా వావ్ అనేది. అబ్బాయిలు నవ్వేవాళ్ళు. ఆడపిల్లలు మాత్రం ఒక్క క్షణం, ఎవరూ చూడట్లేదనుకుని, పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళు. మా అమ్మాయి ఐదో క్లాసు వాళ్ళతో వచ్చినప్పుడు అదీ పీల్చుకుంది. నేను చూశాను. చూసి కూడా తర్వాత వచ్చిన క్లాసుకి అదే చెప్పాను.

అసలు నేనక్కడికి ఎలా చేరానంటే, తొమ్మిదేళ్ళు మా ఆయన ఉద్యోగం వల్ల భార్యగా నాకొచ్చిన హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానంటే కుట్టుమిషను ముందు కూర్చున్నాను. పని చేసే పర్మిట్ లేదు కాబట్టి ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా స్నేహితురాళ్ళకి జాకెట్లు కుట్టిపెట్టేదాన్ని. బదులుగా ఒకావిడ గోంగూర మొక్కలిచ్చేది, ఇంకొకావిడ మమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపేది. ఒకసారి మ్యూజియం చూడ్డానికి వెళ్ళి, ఆ హుక్కుల గురించి అక్కడి పెద్దావిడతో పావుగంట వాదించాను. ఆవిడ రిటైరైన టీచరు. డెబ్బై దాటినా మెట్లు నాకంటే వేగంగా ఎక్కుతుంది. బట్టల విభాగమంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. "నువ్వు వాలంటీర్‌గా వచ్చెయ్" అంది. వెళ్ళాను.

ఈ చలికాలంలో నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. అదే సమయానికి మ్యూజియం వాళ్ళు బట్టల విభాగానికి వారానికి ఇరవై గంటల ఉద్యోగం ఒకటి పెట్టాలనుకున్నారు. "బోర్డు మీటింగ్‌లో నీ పేరు చెప్తున్నాను, ఎవరూ కాదనరు" అంది పెద్దావిడ. ఇరవై గంటల ఉద్యోగానికి ఇంత సంబరమా అని మీరనుకోవచ్చు. తొమ్మిదేళ్ళు ప్రతి ఫారంలోనూ వృత్తి అన్న చోట గృహిణి అని రాసి రాసి విసుగెత్తిపోయినవాళ్ళకి తెలుస్తుంది. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

మార్చి ఆఖర్లో మంచు అంతా ఒక్కసారిగా కరిగింది. మ్యూజియం బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే పంపు సరిగ్గా ఆ రోజే మొరాయించింది. చలికాలమంతా వెలుతురు తగలకుండా బట్టల్ని పెట్టెల్లో పెట్టి అక్కడే దాచేవాళ్ళం. పెట్టెల అడుగులు తడిసిపోయాయి. ఆరబెట్టడానికి పైన చోటు లేక వాలంటీర్లం తలా రెండు పెట్టెలు ఇంటికి తీసుకెళ్ళాం. పెద్దావిడ ఆ కాఫీ రంగు జాకెట్టున్న పెట్టె నా చేతుల్లో పెట్టి, "ఆరబెట్టు. ఇంకేమీ చేయకు. గురువారం తీసుకురా" అంది.

ఇప్పుడు మా అత్తయ్య గురించి చెప్పాలి. తెనాలిలో నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి. ఆరు నెలలుందామని మా దగ్గరికొచ్చి, వారం తిరక్కుండానే నా కుట్టుమిషను స్వాధీనం చేసుకుంది. జాకెట్టు కుట్టేటప్పుడు రెండు పక్కలా లోపల గుడ్డ వదలకపోతే ఆవిడ దృష్టిలో అది కుట్టే కాదు. "రేపు ఒళ్ళు చేస్తారు, పిల్లలు పుడతారు, అప్పుడు బిగుతైందని కుట్టినదాన్నే తిట్టుకుంటారు" అంటుంది. ఆ శనివారమే ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్. ఏడాదంతా బీరువాల్లో ఉన్న పట్టు జాకెట్లన్నీ బిగుతైపోయి మా ఇంటికొచ్చాయి. ఇచ్చేవాళ్ళు గుమ్మంలోనే, "కొంచెం లావయ్యానండీ, ఏమనుకోకండి" అని తప్పు చేసినట్టు చెప్పి ఇచ్చేవాళ్ళు. మా కుట్టు గదిలో బల్లకి ఎడమ వైపు పెట్టినవి కుట్లు విప్పి వదులు చేయాల్సినవి. కుడి వైపువి అయిపోయినవి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

సోమవారం మధ్యాహ్నం ఆ జాకెట్టుని తువ్వాలు పరిచి బల్ల మీద ఆరబెట్టాను. ఎడమ వైపు. కిటికీ అటే ఉంది మరి. తర్వాత మా అమ్మాయిని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అత్తయ్య కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, బ్లేడు పట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చావా? ఇదెవరిదే అమ్మాయ్? చేతులు భలే కుట్టారు. మళ్ళీ ఈ బుట్ట చేతులే ఫ్యాషనైనట్టున్నాయి. ఎవరో పాపం, ఊపిరాడకుండా బిగించేశారు. ఎడమ పక్క విప్పేశాను, కుడి పక్క సగమైంది."

నా చేతిలో పాల డబ్బా జారి కింద పడింది.

"అత్తయ్యా, బ్లేడు కింద పెట్టండి."

"ఏమైందే?"

"అది మ్యూజియంది! నూట ముప్ఫై ఏళ్ళ నాటిది!"

"అయితే మాత్రం? జాకెట్టే కదా" అంది ఆవిడ. వేళాకోళానికి కాదు, నిజంగానే అంది.

నాకు కోపమొస్తే నోటికి హద్దుండదు. ముట్టుకునే ముందు అడగాలని తెలియదా అన్నాను. తొమ్మిదేళ్ళకి వచ్చిన ఉద్యోగాన్ని ఒక్క బ్లేడుతో కోసేశారన్నాను. మీ కుట్టు పిచ్చి మీ ఊళ్ళో పెట్టుకోండి అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నేను విప్పింది అసలు కుట్టు కాదమ్మాయ్. నా మాట విను" అంది.

"వినను" అన్నాను.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "అమ్మా, వై ఆర్ యూ సో మ్యాడ్? బామ్మ ఏడుస్తుంది" అంది. బామ్మ ఏడవట్లేదు. ఏడుస్తున్నది నేను.

సాయంత్రం మా ఆయన సంగతంతా విని, "ఫొటోలున్నాయి కదా, చూసి రీస్టోర్ చేసెయ్. నువ్వు కుడితే ఎవడు కనిపెడతాడు?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి లోకంలో రీస్టోర్ చేయలేనిది ఉండదు. ఆయన మీద కూడా అరిచాను. కానీ ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది.

మంగళవారం ఇంట్లో మాటల్లేవు. అత్తయ్య వంట చేసింది, నేను తిన్నాను, అంతే. బుధవారం పొద్దున బల్ల ముందు కూర్చుని జాకెట్టు విప్పి చూశాను. కుట్టు విడిన చోట లోపల రెండు వైపులా ఒక పట్టీలా ఊదా రంగు కనిపించింది. నీళ్ళు దిగి రంగు మారిపోయిందనుకుని ఇంకా బెంబేలెత్తాను. అత్తయ్య విప్పిన కుట్టు రంధ్రాలు స్పష్టంగానే ఉన్నాయి. అదే రంగు దారం తీసి సూదికెక్కించాను. గంట పని. రేపు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేస్తే సోమవారం బోర్డు మీటింగ్, ఆ తర్వాత ఉద్యోగం.

మూడు కుట్లు వేశాను. నాలుగోది వేయబోతుంటే చెయ్యి ఆగింది. ఈ బట్టల్ని కాపాడే ఉద్యోగం ఇవ్వండి అంటున్నాను, దాని కోసం మొదట చేస్తున్న పని వాటి విషయంలో మోసం. రేపు పెద్దావిడ ఈ జాకెట్టు తీసి చూసినప్పుడల్లా నేను ఆవిడ మొహంలోకి చూడకుండా ఉండాలి. ఏళ్ళ తరబడి ఎవరూ అలా ఉండలేరు, నేనసలే ఉండలేను. ఆ మూడు కుట్లూ విప్పేసి, ఫోన్ తీసి, ఇప్పుడే వస్తున్నానని ఆవిడకి చెప్పాను.

పెట్టె తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళేసరికి అత్తయ్య కారు పక్కన నిలబడి ఉంది. నేత చీర, దాని మీద నా పాత వింటర్ కోటు, కాళ్ళకి మా అమ్మాయి స్నీకర్లు.

"నేనూ వస్తాను. చేసింది నేనైతే నువ్వొక్కదానివే తిట్లు తినడమేంటి?" అంది.

కోపం సగం అక్కడే కారిపోయింది. అయినా దారంతా ఇద్దరం రోడ్డునే చూస్తూ కూర్చున్నాం.

మ్యూజియంలో పెద్ద బల్ల మీద జాకెట్టు పరిచి, ఒక్క గుక్కలో చెప్పేశాను. మా ఇంట్లో జరిగింది, నేను సరైన చోట పెట్టలేదు, తప్పు నాదే అన్నాను. పెద్దావిడ మొహం తెల్లబోయింది. రెండు చేతులూ బల్ల అంచున ఆనించి విడిన కుట్ల మీదకి వంగింది. అయిపోయింది, ఇంక ఇంటికెళ్ళడమే అనుకున్నాను.

అప్పుడు అత్తయ్య తన సంచీలోంచి ఒక అట్టముక్క తీసింది. దానికి ఆవిడ విప్పిన దారమంతా శుభ్రంగా చుట్టి ఉంది. విప్పిన దారం పారేయడం ఆవిడ ఇంటా వంటా లేదు.

"నేను చెప్పేది ఆవిడకి చెప్పు. ఈసారైనా విను" అంది నాతో.

నేను ఇంగ్లీషులో చెప్తూ వచ్చాను, చెప్తూ మొదటిసారి విన్నాను. ఈ జాకెట్టుని ఇద్దరు కుట్టారు. మొదటామె కుట్లు నువ్వుగింజంత ఉన్నాయి, పట్టు దారం, వీపు మీదా భుజాల మీదా అంతా ఆమె పనే. ఈ రెండు పక్కలా మాత్రం కుట్లు బారుగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. పని రానివాళ్ళెవరో పాత కుట్టు విప్పేసి, లోపలికి జరిపి మిషను మీద బిగించేశారు. దారం కూడా వేరు.

"అగ్గిపెట్టె ఉందేమో అడుగు" అంది అత్తయ్య.

చెక్క ఇంట్లో, పాత బట్టల పక్కన అగ్గిపెట్టె! పెద్దావిడ నా వైపు చూసింది, అత్తయ్య వైపు చూసింది, ఏమనుకుందో ఏమో, సొరుగులోంచి లైటర్ తీసుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచింది. కరగ్గా మిగిలిన మురికి మంచు కుప్ప పక్కన ముగ్గురం గాలికి అడ్డంగా గుమిగూడాం. అత్తయ్య ముందు తన చీర కొంగు అంచులోంచి ఒక పోగు లాగి కాల్చింది. బూడిదై రాలిపోయింది. తర్వాత జాకెట్టు దారం ముక్క కాల్చింది. అది ముడుచుకుని, కరిగి, చివర నల్లటి పూసలా గట్టిపడింది.

"నైలాన్" అంది పెద్దావిడ. ఆ మాటని నేను అనువదించాల్సిన పనిలేకపోయింది.

విక్టోరియా రాణి కాలంలో నైలాన్ దారం ఎక్కడిది? లోపలికి దాదాపు పరుగెత్తాం. అత్తయ్య జాకెట్టు పక్కల్ని వేలితో విడదీసి, తను విప్పిన కుట్టుకి అంగుళంబావు అవతల, గుడ్డ అంచు వైపు, సూదిమొనతో గుచ్చినంత సన్నటి రంధ్రాల వరస చూపించింది. అసలు కుట్టు అది. ఆ రెండు వరసల మధ్య ఉన్నదే నేను తడి మరకనుకున్న ఊదా రంగు. ఎండ తగలని చోట మిగిలిన అసలు రంగు. మేమంతా కాఫీ రంగనుకున్న జాకెట్టు ఒకప్పుడు నిగనిగలాడే వంకాయ రంగుది. అత్తయ్య మెడలోంచి టేపు తీసి, రంధ్రాల వెంట, రెండు పక్కలా ముందూ వెనకా లోపలికి పోయిన గుడ్డంతా కలుపుకుని కొలిచి, "ఇరవై ఏడు" అంది.

పెద్దావిడ కుర్చీలో కూలబడింది. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది.

"నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఊళ్ళో పెద్ద ఊరేగింపు జరిగింది. ఈ పెట్టెల్లో బట్టలు మా క్లాసు అమ్మాయిలకి పంచిపెట్టారు. అప్పట్లో ఎవరికీ పట్టింపుల్లేవు. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళమ్మలు బిగించి కుట్టుకొచ్చారు. ఈ ఇరవై రెండు అంగుళాల నడుము నాతో చదువుకున్న ఏ అమ్మాయిదో!" అంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "నేను నీలం గౌను వేసుకున్నాను. దాన్ని కూడా చూడాలి" అంది.

నేనూ నవ్వేశాను. అయినా అసలు సంగతి ఇంకా తేలలేదు. ఆవిడే తేల్చింది.

"నువ్వు మళ్ళీ కుట్టేసి ఇచ్చుంటే నాకు తెలిసేది కాదు."

"మూడు కుట్లు వేశానండీ. తర్వాత విప్పేశాను" అన్నాను. అది చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ నోరాగలేదు.

ఆవిడ జాకెట్టుని తిరిగి పెట్టెలో పెట్టింది. "సోమవారం నీ పేరే చెప్తాను. మీ అత్తగారు చేసింది సరైనదే కావచ్చు, కానీ మ్యూజియం వస్తువు మీద బ్లేడు పెట్టడం సరైంది కాదు, అది కూడా ఆవిడకి చెప్పు. ఇకపైన ఏ పెట్టే ఎవరింటికీ వెళ్ళదు" అంది.

హమ్మయ్య. ఆవిడ చివాట్లని అత్తయ్యకి పొల్లుపోకుండా చెప్పాను. అత్తయ్య బుద్ధిగా తలూపి, "నిజమే, అడగాల్సింది" అంది.

కారెక్కాక ఇంజన్ ఆన్ చేయకుండా కూర్చున్నాను. "అత్తయ్యా, తప్పైపోయింది. రెండు రోజులు మీ మాట వినలేదు."

"రెండు రోజులేనా?" అంది ఆవిడ, సీటు బెల్టు లాక్కుంటూ. ఇద్దరం పగలబడి నవ్వాం.

బోర్డు వాళ్ళు ఒప్పుకున్నారు. ఉద్యోగంలో నా మొదటి పని ఆ జాకెట్టే. పెద్దావిడ పక్కన కూర్చుని చూస్తుండగా, పట్టు దారంతో, ఆ సన్నటి రంధ్రాల్లోంచే ఒక్కో కుట్టూ వేసి మూశాను. పాత కార్డు తీసేసి కొత్తది రాశాం. బయటపడ్డ అసలు రంగుతో పాటు లోపలి గుడ్డ కూడా కనబడేలా ఒక పక్క గుడ్డ అంచుని కొద్దిగా తెరిచి పెట్టాం.

అత్తయ్య ఇండియాకి తిరిగి వెళ్ళే ముందు వారం, నాలుగో క్లాసు పిల్లలొచ్చిన రోజు తనూ వచ్చి వెనక నిలబడింది. నేను మామూలుగానే అడిగాను, నడుమెంతో చెప్పండని. ఇరవై ఏడు అన్నప్పుడు ఎవరూ వావ్ అనలేదు. "మా అమ్మది కూడా అంతే ఉంటుంది" అంది ఒక పిల్ల, నిరాశగా. నేను ఆడపిల్లల పొట్టలే చూస్తున్నాను. ఒక్కరూ లోపలికి పీల్చుకోలేదు. రంగు గురించి అడిగారు, తిమింగలం గురించి అడిగారు, బాత్రూం ఎక్కడని అడిగారు.

పిల్లలు దిగి వెళ్ళాక అత్తయ్య గాజుకి ముక్కు ఆనించి, తెరిచిపెట్టిన అంచుని తేరిపార చూసింది.

"అసలు కుట్టుకి అవతల కూడా ఇంకో అంగుళం గుడ్డ వదిలింది, చూశావా?" అంది. "మొదట కుట్టినామె ఎవరో గానీ, వేసుకునేదానికి రేపు పిల్లలు పుడతారని తెలుసు ఆమెకి."